ప్రకటనలో ఒక బండి, ఇంటి ముందర ఇంకో బండి: నీ కేసు ఎక్కడ నిలబడుతుంది, ఎక్కడ జారిపోతుంది

అన్నా అని పిలిచావు కాబట్టి తమ్ముడూ అనుకునే రాస్తున్నాను. మిగతావాళ్లకు అర్థం కావాలి కదా, ముందు నీ గోడు నాలుగు ముక్కల్లో. హాలియా నుంచి హైదరాబాద్ వెళ్లి ఒక కార్ కన్సల్టెన్సీలో, అంటే పాత కార్లు అమ్మిపెట్టే దుకాణంలో, 4,85,000 పెట్టి సెకండ్ హ్యాండ్ డీజిల్ బండి కొన్నావు. ప్రకటనలో రాసింది "2018 మోడల్, సింగిల్ ఓనర్, 62 వేలు తిరిగింది, నో యాక్సిడెంట్, షోరూం ట్రాక్" (అంటే సర్వీసులన్నీ కంపెనీ షోరూంలోనే అని). ఇరవై రోజులకు క్లచ్ పోయింది. నల్గొండలో ఆ కంపెనీ షోరూంకి తీసుకెళ్తే వాళ్ల కంప్యూటర్‌లో 2022 ఆగస్టు సర్వీసుకే 1,18,000 కిలోమీటర్లు ఉంది. ఆర్సీ తెప్పించి చూస్తే దాని మీద పేరున్నాయన మూడో ఓనర్. తయారీ నెల 2017 డిసెంబర్. ముందు ఎడమవైపు ఫెండర్ (చక్రం మీది రేకు) నిండా సొట్టలు పూడ్చే పుట్టీ. కన్సల్టెన్సీవాడికి ఫోన్ చేస్తే "సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఏంది, చూసుకునే కదా తీసుకున్నవ్" అని పెట్టేశాడు.

నేను లాయర్ని కాను. నల్గొండలో పదకొండేళ్లు కార్ కన్సల్టెన్సీ నడిపాను, అది మూసేశాక తెలిసినవాళ్లు ఇలాంటి గొడవల్లో ఇరుక్కుంటే కాగితాలు సర్దిపెట్టి వినియోగదారుల కమిషన్ దాకా తోడు వెళ్తుంటాను. అంటే అవతలి కుర్చీలో కూర్చుని ఏమేం మాటలు చెప్తారో నేను కూడా చెప్పినవాడినే. ఒకసారి దేవరకొండ దగ్గరి పెద్దాయనకు ఒక బండి "సింగిల్ ఓనర్" అని అమ్మాను. తెచ్చిచ్చినవాడు అలా చెప్పాడు, నేను ఆర్సీ తిరగేసి చూడలేదు, అంతే. వారం తర్వాత ఆయన ఆర్సీ పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, ఏం మాట్లాడకుండా ఓనర్ సీరియల్ (ఎన్నో ఓనరో చెప్పే అంకె) దగ్గర వేలు పెట్టి చూపించాడు. సీరియల్ 2. నలభై వేలు వెనక్కి ఇచ్చి పంపాను. ఆయన అరిచి గొడవ చేసి ఉంటే నేనూ అరిచేవాడిని, ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడిని. వేలు పెట్టి చూపించేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నీ కేసు కూడా అలాగే నడపాలి.

నీ ఉత్తరంలో సగం క్లచ్ గురించే ఉంది, 65 వేల ఎస్టిమేట్ గురించే ఉంది. కోపం అర్థమైంది. కానీ నీ దగ్గర ఉన్న అయిదు పాయింట్లలో అన్నిటికంటే బలహీనమైనది అదే. పాత బండికి క్లచ్ పోవడం వింత కాదు, అది అరిగే భాగం, ఏ కమిషన్ ముందైనా అవతలివాడు మొదటి వాయిదాలోనే ఈ మాట అంటాడు. "బండి బాగాలేదు" అని వెళ్తే "పాతది కదా" అంటారు. "వాడు రాసినట్టు బండి లేదు" అని వెళ్తే అప్పుడు వాడు జవాబు చెప్పుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో లోపం అనే మాటకు ఇచ్చిన అర్థం చూడు, సెక్షన్ 2(10). వస్తువు చట్టం ప్రకారం, ఒప్పందం ప్రకారం ఉండాల్సినట్టు లేకపోవడమే కాదు, వ్యాపారి ఏ రూపంలోనైనా సరే "ఇలా ఉంటుంది" అని చెప్పుకున్నదానికి తక్కువగా ఉన్నా లోపమే. ఏ రూపంలోనైనా అంటే వెబ్‌సైట్లో ప్రకటన, వాట్సాప్‌లో పంపిన ఫొటో కింద రాసిన లైను, అద్దం మీద అతికించిన స్టిక్కర్, అన్నీ వస్తాయి. పాత బండికి కొలబద్ద కొత్త బండి కాదు, వాడు చెప్పిన మాట. పైగా సరుకు నాణ్యత గురించో మోడల్ గురించో అబద్ధం చెప్పి అమ్మడం అదే చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి.

ఇక ఆ అయిదు పాయింట్లు. మీటర్ నీ మొదటి ఆయుధం. 2022లో 1,18,000 ఉన్నది ఇప్పుడు 62 వేలు ఎలా అవుతుంది? దీనికి జవాబు ఉండదు, మహా అయితే "మాకు వచ్చినప్పుడే అలా ఉంది" అంటాడు. అనుకోనీ. 62 వేలు అని ప్రకటనలో రాసింది వాడే కదా, తెలియకుండా రాసినా మాట మాటే. మీటర్ తిప్పడం పెద్ద విద్య కూడా కాదు, నా రోజుల్లో ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని అడ్డా దగ్గరకే వచ్చేవాడు, డాష్‌బోర్డు దగ్గర అరగంట కూర్చుంటే పని అయిపోయేది. కానీ తిప్పేవాడు డాష్‌బోర్డు ఒక్కటే చూసుకుంటాడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు గుమాస్తా తెచ్చిన కారు నాకింకా గుర్తుంది. మీటర్‌లో 54 వేలు, సీట్లకు కొత్త కవర్లు, అంతా తళతళలాడుతోంది. మా మేస్త్రీ బానెట్ ఎత్తి, రేడియేటర్ మీదుండే అడ్డపట్టీని గుడ్డతో తుడిచాడు. మురికి కింద ఒక ఆయిల్ కంపెనీ స్టిక్కర్, దాని మీద పెన్నుతో "తర్వాతి ఆయిల్ ఛేంజ్ 1,31,000". నవ్వాలో ఏడవాలో తెలియక ఆ గుమాస్తా అక్కడే స్టూల్ మీద కూర్చుండిపోయాడు. నువ్వు కూడా బానెట్ కింద, డ్రైవర్ డోర్ తీస్తే కనిపించే పిల్లర్ మీద చూడు. బ్రేక్ పెడల్ రబ్బరు ఎంత అరిగిందో ఫొటో తియ్యి. టైర్ మీద నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. ఇవన్నీ తోడు సాక్ష్యాలే, అసలు సాక్ష్యం మాత్రం షోరూం ప్రింటవుట్. నోటిమాటగా విని వచ్చేయకు. ఆర్సీ కాపీ, ఆధార్ కాపీ పెట్టి, చాసిస్ నంబరుతో సర్వీస్ హిస్టరీ కావాలని కాగితం రాసిచ్చి, ముద్రతో తీసుకో.

రెండోది ఓనర్ సీరియల్. ఇది ప్రభుత్వ రికార్డు, వాదన అక్కర్లేదు. అయితే వాడి లాయరు ఒక మాట అంటాడు, "ఆర్సీ అందరికీ కనిపించేదే, ప్రభుత్వ యాప్ ఎం-పరివాహన్‌లో చూసుకోవచ్చు, ఈయనే అజాగ్రత్తగా ఉన్నాడు" అని. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 19లో అలాంటి మినహాయింపు ఒకటి ఉన్న మాట నిజమే. కానీ అది పొరపాటున తప్పుగా చెప్పినప్పుడు, లేదా చెప్పాల్సింది చెప్పకుండా ఊరుకున్నప్పుడు వర్తిస్తుంది. తెలిసీ నోరు తెరిచి "సింగిల్ ఓనర్" అని అబద్ధం రాసినవాడికి ఆ గొడుగు లేదు. బండి అమ్మకానికి పెట్టినవాడి చేతిలో ఆర్సీ ఉంటుంది, తెలియదని ఎలా అంటాడు?

యాక్సిడెంట్ సంగతి మధ్యస్థం. పుట్టీ ఉన్నంత మాత్రాన యాక్సిడెంట్ అని కాదు, మన ఊళ్లలో ఎద్దుల బండి రాసుకుపోయినా పుట్టీయే పెడతారు. ఫెండర్ వదిలేసి లోపల చూడమని మేస్త్రీకి చెప్పు, ఏప్రాన్ (ఫెండర్ వెనకుండే లోపలి రేకు) వంగి తిరిగి సాపు చేసిన గుర్తులు, వెల్డింగ్, బానెట్ కీలు బోల్టుల మీద స్పానర్ గీతలు. ప్రతి అద్దం మూలన చిన్న అక్షరాల్లో తయారీ కోడ్ ఉంటుంది, అన్నీ ఒకే కాలానివై ఒక్కటి మాత్రం తేడాగా ఉంటే అది మార్చిన అద్దం. షోరూం హిస్టరీలో బాడీ రిపేరు ఎంట్రీ దొరికితే ఇది కూడా బలమైనదే అవుతుంది. సీటు బెల్టు చివరిదాకా లాగి కూడా చూడు. నీది వరద బండి అంటున్నానని కాదు, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబర్‌లో ఖమ్మం, కోదాడ వైపు నీళ్లొచ్చినప్పుడు ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. అవి మార్కెట్‌కి వస్తే ఎవడూ చెప్పి అమ్మడు. బెల్టు అడుగున మట్టి గీత, సీటు పట్టాల బోల్టులకు తుప్పు ఉంటే వేరే కథ మొదలవుతుంది.

2018 మోడల్ అన్నది వదిలెయ్యి. డిసెంబర్ 2017 తయారీ, ఫిబ్రవరి 2018 రిజిస్ట్రేషన్ అయితే బజారంతా 2018 మోడల్ అనే అంటుంది, నేనూ అనేవాడిని. ఇలాంటి చిన్నదాన్ని పెద్దది చేస్తే మిగతా నాలుగూ పలచనవుతాయి. ఒక వాక్యంలో ప్రస్తావించి ఊరుకో.

క్లచ్‌ని ఎక్కడ పెట్టాలంటే, మీటర్ తోక పట్టించి పెట్టాలి. లక్షా ఇరవై వేలు దాటిన బండి అని తెలిస్తే నేను ఈ ధరకు కొనేవాడిని కాదు, కొన్నా క్లచ్ ఖర్చు లెక్కలో వేసుకునేవాడిని, 62 వేలని నమ్మడం వల్లే ఈ నష్టం అని రాయి. అప్పుడు 65 వేలకు ఒక ఆధారం దొరుకుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. అమ్మింది ఎవరు? నీ రసీదు ఫొటో చూశాను, దాని మీద కన్సల్టెన్సీ పేరుంది కానీ ఫారం 29, 30 (ఓనర్ పేరు మార్పిడి కాగితాలు) మీద సంతకాలు ఆ మూడో ఓనర్‌వి. రేపు వీడు "నేను మధ్యవర్తిని, కమీషన్ మాత్రమే తీసుకున్నాను, అమ్మింది ఆయన" అంటాడు. తప్పకుండా అంటాడు, మేమంతా అలాగే అనేవాళ్లం. దానికి నీ జవాబులు ముందే సిద్ధం చేసుకో. ప్రకటన ఎవరి ఫోన్ నంబరుతో ఉంది, బేరం ఎవరితో ఆడావు, బయానా ఎవరి ఖాతాకు వెళ్లింది, తాళాలు ఎవరి చేతి నుంచి తీసుకున్నావు. మూడో ఓనర్ మొహం నువ్వు చూడనే లేదన్నావు, అదే రాయి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి, ఓనర్ బండిని డీలర్‌కి అప్పజెప్పినప్పుడు ఫారం 29సీలో ఆ సంగతి తెలపాలి, ఆ తర్వాత అమ్ముడుపోయేదాకా డీలరే ఓనర్ కింద లెక్క. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చారు దీన్ని. నోటీసులో అడుగు, నీ అధికార పత్రం నంబరెంత, ఈ బండికి 29సీ పెట్టావా అని. పెట్టి ఉంటే మధ్యవర్తి వాదన పోతుంది, పెట్టకపోతే నిబంధన తప్పినట్టు. ఎటైనా నీకే మంచిది. వాదనకు మధ్యవర్తే అనుకున్నా, కమీషన్ తీసుకుని చేసింది సేవే, అందులో అబద్ధం చెబితే సేవాలోపం. కాబట్టి కన్సల్టెన్సీని మొదటి ప్రతివాదిగా, మూడో ఓనర్‌ని రెండో ప్రతివాదిగా పెట్టు.

రసీదు మీద మూడు లక్షలే రాసి మిగతాది నగదుగా తీసుకున్నాడని కింద ఎక్కడో మెల్లగా రాశావు. అందరిదీ ఇదే కథ. భయపడకు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటేనే ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, అప్పుడు కూడా జరిమానా తీసుకున్నవాడికి, నీ 1.85 లక్షలు ఆ హద్దు లోపలే. నువ్వు బ్యాంకులో డబ్బు తీసిన రోజు స్టేట్‌మెంట్ తీసుకో, "మొత్తం 4.85 ముట్టింది కదా అన్నా" అని మామూలుగా ఒక మెసేజ్ పెట్టు, "ముట్టింది" అని జవాబొస్తే చాలు. సరైన బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే, 2019 చట్టంలో స్పష్టంగా రాశారు.

బండి సంగతి. రిపేరు చేయించావా? చేయించకపోతే ఆగు. చేయించక తప్పదనుకుంటే ముందు వీడియో, ఎస్టిమేట్, తీసేసిన పాత భాగాలు అన్నీ దాచు. కమిషన్ కావాలంటే నిపుణుడితో పరీక్ష చేయిస్తుంది, అప్పటికి సాక్ష్యం స్క్రాప్ దుకాణంలో ఉంటే నువ్వేం చూపిస్తావు? డబ్బు మొత్తం వెనక్కి కావాలంటే ఇంకా తొందరగా కదలాలి. సరుకుల అమ్మకం చట్టం, 1930 ప్రకారం తగిన సమయంలో "నాకొద్దు" అని చెప్పకుండా వాడుకుంటూ పోతే అంగీకరించినట్టే లెక్క, అప్పుడు తిరిగి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. రోజూ నాగార్జునసాగర్ దాకా తోలుకుంటూ, ఇంకో పది వేల కిలోమీటర్లు తిరిగాక, డబ్బు మొత్తం ఇయ్యమంటే ఎవరిస్తారు? బండి ఇంటి ముందు పెట్టేసి, మీటర్ ఫొటో తేదీతో సహా తీసి, నోటీసులో "ఈ తేదీ నుంచి వాడటం లేదు, వచ్చి తీసుకుపోండి" అని రాయి. వాడక తప్పదంటే మాత్రం ఆర్సీ, ఇన్సూరెన్స్ వెంటనే నీ పేరు మీదికి మార్చుకో. ఇన్సూరెన్స్ మారకుండా గుద్దుకుంటే ఎదుటివాడికి కవర్ ఉంటుంది కానీ నీ బండి డ్యామేజీకి కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు.

నోటీసు లాయరే పంపాలని లేదు. ఒక పేజీ చాలు. ఎడమవైపు వాడు రాసింది, కుడివైపు రికార్డులో ఉన్నది, కింద నీకు కావాల్సింది, పదిహేను రోజుల గడువు. తిట్లు వద్దు, "నమ్మకద్రోహం చేసి మా కుటుంబాన్ని రోడ్డున పడేశారు" లాంటివి అస్సలు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రిపోర్టు దాచు, అదే వాట్సాప్‌లో కూడా పంపు. పక్కన 1915కి ఫోన్ చెయ్యి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఖర్చు లేదు. పెద్ద ఆన్‌లైన్ కంపెనీల దగ్గర అది బాగానే పనిచేస్తుంది, గల్లీ కన్సల్టెన్సీల దగ్గర నేనైతే పెద్దగా ఆశ పెట్టుకోను.

జవాబు రాకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్. అవును, నల్గొండే. రసీదు వెనకాల "హైదరాబాద్ కోర్టుల పరిధి మాత్రమే" అని అచ్చు వేసి ఉందని భయపడ్డావు, 2019 చట్టం సెక్షన్ 34 ప్రకారం కొన్నవాడు నివసించే చోట, ఉద్యోగం చేసే చోట కూడా వేయొచ్చు. పాలమూరు వాళ్లు మహబూబ్‌నగర్‌లో వేసుకోవచ్చు, హైదరాబాద్ తిరగాల్సిన పని లేదు. కట్టిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 లక్షల లోపు ధరకు లేదు, అంటే నీకు సున్నా. 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. కొన్న రెండేళ్లలోపు వేయాలి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు, అయితే అఫిడవిట్ మాత్రం జాగ్రత్తగా రాయించుకో. స్క్రీన్‌షాట్లకు, వాట్సాప్ చాట్‌కు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధృవపత్రం జత చెయ్యి. నోటీసు అందాక వాడికి జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. చట్టంలో మూడు నెలలు, పరీక్ష ఉంటే అయిదు నెలల్లో తేల్చాలని ఉంది. నేను చూసినవాటిలో ఏదీ అంత తొందరగా తేలలేదు, ఏడాదికి తక్కువ అనుకోకు. ఓడిపోయి వాడు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్లాలంటే ఆర్డరైన మొత్తంలో సగం ముందు కట్టాలి. ఆర్డర్ ధిక్కరిస్తే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది సెక్షన్ 72లో, నోటీసులో ఈ ఒక్క లైను కనిపిస్తే కొందరు మెత్తబడతారు.

ఎంత అడగాలి? మానసిక వేదనకు పది లక్షలని రాసి ఫైలు పాడుచేసుకోకు. మొదటి కోరిక, బండి తీసుకుని 4,85,000 వడ్డీతో ఇవ్వాలి. అది కుదరదంటే రెండోది, మూడో ఓనర్, లక్షా ఇరవై వేలు తిరిగిన అదే బండి బజారు ధరకూ నువ్వు కట్టినదానికీ తేడా, దాంతోపాటు క్లచ్ ఖర్చు. ఆ తేడాకు ఆధారంగా అదే మోడల్, అదే సంవత్సరం, అంతే తిరిగిన బండ్ల ప్రకటనలు నాలుగైదు ప్రింట్ తీసి పెట్టు. వేదనకు, ఖర్చులకు న్యాయంగా కొన్ని వేలు.

ఇది డీలర్ దగ్గర కొన్నవాళ్ల సంగతి. పక్కింటి మాస్టారు దగ్గరో, ప్రకటన చూసి నేరుగా ఓనర్ దగ్గరో కొంటే ఆయన వ్యాపారి కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్ తలుపు మామూలుగా తెరుచుకోదు. హక్కు లేదని కాదు, సరుకుల అమ్మకం చట్టం సెక్షన్ 15 ప్రకారం వర్ణన చెప్పి అమ్మితే వస్తువు వర్ణనలా ఉండాలి, అది మాస్టారికీ వర్తిస్తుంది, కానీ సివిల్ కోర్టుకు వెళ్లాలి, మూడేళ్ల గడువు, ఫీజు వేరు. అంతకంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ ప్రయత్నం చేయడం మేలు. ఇంకొకటి, బండి కొని డ్రైవర్‌ని పెట్టి కిరాయికి తిప్పే వ్యాపారం చేస్తే వినియోగదారుడు కావు. సొంతంగా తోలుకుని బతుకుతుంటే అవుతావు.

పోలీసులా? తెలిసీ మోసం చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. స్టేషన్లో మాత్రం "ఇది సివిల్, కమిషన్‌కి పో" అనే మాటే ఎక్కువగా వింటావు. ఆర్సీయో సర్వీస్ రికార్డో దొంగది సృష్టించాడని తేలితే అప్పుడు గట్టిగా పట్టుకో, నీ కేసులో ఇప్పటికైతే అది కనిపించలేదు.

నోటీసు అందిన వారంలో వాడు ఫోన్ చేసి "పెద్దమనుషుల్లో కూర్చుందాం, ముప్పై వేలు తీసుకో" అంటాడని నా అంచనా. నా లెక్కలో నీ నష్టం లక్షకు పైనే. లక్ష దాటి ఇస్తే, ఏడాది తిరుగుళ్లు లెక్కేసుకుని ఆలోచించుకో, తీసుకున్నా తప్పు లేదు. డబ్బు ఖాతాలో పడ్డాకే రాజీ కాగితం మీద సంతకం పెట్టు.

ఇవన్నీ రేపు చూసుకోవచ్చు. ఆ ప్రకటన లింకు ఇంకా తెరుచుకుంటోందా? తెరుచుకుంటే ఇప్పుడే, అడ్రస్ బార్, తేదీ, వాడి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తియ్యి, పైనుంచి కిందికి జరుపుతూ స్క్రీన్ వీడియో కూడా తీసుకుని రెండు మూడు చోట్ల దాచు. వాట్సాప్‌లో వాడు డిసప్పియరింగ్ మెసేజెస్ పెట్టాడేమో చూసి చాట్ ఎక్స్‌పోర్ట్ చెయ్యి. నోటీసు చేరిన గంటలో ఆ ప్రకటన మాయమవుతుంది. రసీదు వెనక పేజీ ఫొటో కూడా పంపు, అక్కడ చిన్న అక్షరాల్లో ఇంకేం రాశాడో చూద్దాం.